చేతులెత్తినా కదలని కోటు

సింఫనీ ఆర్కెస్ట్రా సాయంకాలపు కచేరీకి పురుషులు వేసుకునే సంప్రదాయ దుస్తుల్ని పాశ్చాత్య దేశాల్లో 'వైట్ టై' అంటారు. ముందు భాగం నడుము దగ్గరే ఆగిపోయి వెనక మోకాళ్ల దాకా రెండు పాయలుగా దిగే నల్ల టెయిల్‌కోటు, పక్క కుట్ల వెంట పట్టు పట్టీ వేసిన నల్ల ప్యాంటు, ఛాతీ మీద బిర్రుగా నిలిచే తెల్ల చొక్కా, తెల్ల వెయిస్ట్‌కోటు, చేత్తో ముడివేసుకునే తెల్ల బో టై, నల్ల మేజోళ్లు, మెరిసే నల్ల బూట్లు అందులో ఉంటాయి. స్త్రీలకు ఇంత వివరమైన పద్ధతి ఏర్పడలేదు. మడమల దాకా దిగే నల్ల గౌను లేదా పొడవాటి నల్ల స్కర్టు, మోచేతుల్ని కప్పే చేతులు అన్న నియమంతో సరిపెట్టారు. పగటి కచేరీలకూ చిన్న హాళ్లకూ ఇంతకన్నా తేలికైన దుస్తులుంటాయి. చాలా ఆర్కెస్ట్రాలు ఇప్పుడు టెయిల్‌కోటును ముఖ్యమైన కచేరీలకే ఉంచి, మిగతా రోజుల్లో నల్ల సూటు, నల్ల చొక్కాతో వేదిక ఎక్కుతున్నాయి.

చూసేవారికి ఇదంతా అలంకరణలా అనిపించవచ్చు. వాయించేవారికి మాత్రం దుస్తులు పనిముట్లలో ఒకటి. కమానుకు రోజిన్ అనే బంక రాసుకున్నట్టు, ఊదే వాద్యమైన ఒబో రీడును తడిపి సిద్ధం చేసుకున్నట్టు, కోటునూ బూట్లనూ కచేరీ కోసం సిద్ధం చేసుకోవాలి. ఎంపికలో మొదటి చోటు వాయించే శరీరానికీ వాద్యానికీ, రెండో చోటు పక్క కుర్చీలో కూర్చున్నవారికి, మూడోది చూసేవారికి. వేదికకు కొత్తవారు చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. అద్దం ముందు నిలబడి దుస్తులు ఎంచుకుంటారు. వాద్యం చేతపట్టుకుని ఎంచుకోవలసిన దుస్తులివి.

కొలువు దుస్తుల నుంచి సాయంకాలపు కోటు దాకా

1761 మే 1న స్వరకర్త జోసెఫ్ హైడన్ ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరినప్పుడు రాసుకున్న ఒప్పందంలో దుస్తుల సంగతి స్పష్టంగా ఉంది. ఆయనా ఆయన కింది వాద్యకారులూ తెల్ల మేజోళ్లు, తెల్ల లినెన్ తొడుక్కుని, జుట్టుకు పౌడరు అద్దుకుని, దాన్ని వెనక్కి జడగా కట్టుకుని గానీ విగ్గు పెట్టుకుని గానీ ప్రభువు ఎదుటికి రావాలి. అందరూ అలాగే వచ్చేలా చూసే బాధ్యత కూడా హైడన్‌దే. ఆ రోజుల్లో ఆస్థాన వాద్యకారుడు ప్రభువు ఇంటి పరివారంలో ఒకడు. ఒంటి మీది దుస్తులు అతను ఎవరి మనిషో చెప్పేవి.

తర్వాతి కాలంలో టికెట్టు కొనుక్కుని వినే కచేరీలు పెరిగాయి. వాద్యకారులు కొలువు దుస్తులు వదిలేసి, ఎదురుగా కూర్చున్న పెద్దమనుషులు సాయంత్రం పూట వేసుకునే కోటునే తామూ వేసుకోవడం మొదలుపెట్టారు. ముదురు రంగు కోటు, ఉతికిన తెల్ల లినెన్ అన్న నిరాడంబరమైన పద్ధతిని 19వ శతాబ్దపు తొలి ఏళ్లలో లండన్‌లో సొగసైన దుస్తులకు పేరుపొందిన బ్యూ బ్రమ్మెల్ ప్రాచుర్యంలోకి తెచ్చారు. క్రమంగా అది యూరప్ మగవారి సాయంకాలపు దుస్తుల్లో స్థిరపడింది. అంటే టెయిల్‌కోటు వేదికకు వచ్చిన తొలినాళ్లలో పైన వాయించేవారూ కింద వినేవారూ ఒకే రకం దుస్తుల్లో ఉండేవారు. నౌకరు దుస్తుల నుంచి వచ్చిన మనిషికి అది చిన్న గౌరవమేమీ కాదు. తర్వాత శ్రోతల దుస్తులు మారుతూ వచ్చాయి, వేదిక మాత్రం ఆ కోటు దగ్గరే ఆగిపోయింది.

ఈ చరిత్ర తెలిసి ఉంటే నేటి వాదనల్లో తొట్రుపాటు ఉండదు. బాఖ్ గానీ మొజార్ట్ గానీ ఇవాళ్టి టెయిల్‌కోటును ఎరగరు. కాబట్టి దాన్ని మారిస్తే సంగీతానికి అపచారం జరిగినట్టు కాదు. అయితే వందేళ్లకు పైగా వాడకంలో ఆ దుస్తులు వేదిక మీద కొన్ని పనులు చేసిపెడుతున్నాయి. వాటిని తీసేసేవారు ఆ పనుల్ని మరో విధంగా సమకూర్చుకోవాలి.

నలుపు చేసే పని

వేదిక మీద 80, 90 మంది ఉన్నప్పుడు ఒక్కరి చొక్కా ఎర్రగా ఉన్నా హాలంతా ఆ వైపే చూస్తుంది. సంగీతంలో ఆ నిమిషాన ముఖ్యమైన పని మూడో వరుసలోని క్లారినెట్‌ది కావచ్చు. అందరూ నల్లగా ఉంటే చూపు చెవిని అనుసరిస్తుంది, ఎవరు వాయిస్తే వారి చేతుల మీదికి పోతుంది. ముదురు దుస్తుల మీద వేళ్లూ కమాన్లూ తేటగా కనిపిస్తాయి. దీపాల వేడికి పట్టే చెమట మరక కూడా నలుపు మీద అంతగా తెలియదు. ఇవన్నీ చిన్న కారణాలే. రెండు గంటల కచేరీలో అన్నీ కలిసి పెద్దవవుతాయి.

ఒపెరాల్లో వాద్యబృందం వేదిక ముందున్న గుంతలో కూర్చుంటుంది. స్వరపత్రాల మీద వెలిగే చిన్న దీపాల కాంతి తెల్ల చొక్కాల మీద పడి తిరిగితే వేదిక మీది చీకటి సన్నివేశం చెడిపోతుంది. అక్కడ చొక్కాతో సహా పూర్తి నలుపు అడగడానికి ఇదే కారణం. దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ జర్మనీలోని బైరాయిట్‌లో ఉంది. వాగ్నర్ తన ఒపెరాల కోసం కట్టించి 1876లో తెరిచిన ఆ నాటకశాలలో వాద్యబృందం కూర్చునే చోటుకు పైకప్పు ఉంటుంది, శ్రోతలకు ఒక్కరూ కనబడరు. వేసవి ఉత్సవాల్లో ఆ లోపల ఉక్కకు వాద్యకారులు టీషర్టులతో కూర్చుని వాయిస్తారు. పైన శ్రోతలు మాత్రం ఖరీదైన సాయంకాలపు దుస్తుల్లో ఉంటారు. వినిపించే సంగీతంలో తేడా ఏమీ ఉండదు. నలుపు కంటి కోసం ఏర్పడిన నియమమని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

తెలుగు ఇళ్లలో ఈ రంగు దగ్గర ఒక సంకోచం ఉంటుంది. శుభకార్యాలకు నలుపు కట్టుకోని అలవాటు వల్ల, పిల్ల మొదటిసారి వేదిక ఎక్కే రోజున ఆపాదమస్తకం నల్లగా తయారవడం ఇంటి పెద్దలకు రుచించదు. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో పిల్లలు బడి ఆర్కెస్ట్రాలో చేరగానే ఈ మాట వస్తుంది. లాయరు కోటులా ఇది వృత్తి దుస్తులని, పండుగ దుస్తులతో దీనికి పోలిక లేదని ముందుగానే పెద్దలకు చెప్పి ఉంచడం మంచిది. కచేరీ సాయంత్రం బయల్దేరే ముందు ఈ చర్చ మొదలైతే పిల్ల మనసు వాయించడం మీద నిలవదు.

నలుపు కొనేటప్పుడు పగటి వెలుతురులో చూసి కొనాలి. ముదురు నీలం, బొగ్గు రంగు దుకాణం దీపాల కింద నలుపులాగే కనిపిస్తాయి. పది ఉతుకులు తిన్న నల్ల నూలు ప్యాంటు వేదిక దీపాల కింద గోధుమ ఛాయకు తిరుగుతుంది. కొత్త నలుపు పక్కన అది మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చమ్కీలు, మెరుపు దారం పక్కవారి కంట్లో వెలుగు కొడతాయి. తీగ వాద్యాలవారికి మరో చిక్కు ఉంది. రోజిన్ పొడి తెల్లగా తొడల మీద రాలుతుంది. చేతిరుమాలు కాక మెత్తటి బ్రష్ కూడా పెట్టెలో ఉండాలి.

కండక్టరు కోటు

వాద్యబృందాన్ని చేతులతో నడిపించే ఆర్కెస్ట్రా కండక్టరు ఒక విచిత్రమైన స్థితిలో పనిచేస్తారు. శ్రోతలకు రెండు గంటల పాటు ఆయన వీపే కనిపిస్తుంది, వాద్యకారులకు చేతులే ప్రధానం. దుస్తులు ఈ రెండు వైపులా పనికిరావాలి.

మామూలు సూటు కోటు చేతులు కిందికి వేలాడుతున్నప్పుడు అందంగా ఉండేలా కుడతారు. చంక కింద వదులు ఎక్కువ, చేతి గుండ్రం కిందికి దిగి ఉంటుంది. అలాంటి కోటుతో రెండు చేతులూ తల ఎత్తుకు లేపితే కోటంతా వాటితో పాటు లేస్తుంది, కాలరు మెడను వదిలేస్తుంది, భుజాలు చెవుల దాకా పొడుచుకొస్తాయి, వెనక చొక్కా బయటపడుతుంది. అందుకే కండక్టర్ల కోట్లు కుట్టే దర్జీలు చేతి గుండ్రాన్ని చంకకు వీలైనంత దగ్గరగా, పైకి కోస్తారు. అవసరమైతే చంకలో అదనపు ముక్క వేసి కదలిక ఇస్తారు. చూడ్డానికి ఇది బిగువుగా అనిపిస్తుంది. నిజానికి చేయి స్వేచ్ఛగా తిరగడానికి కావలసింది ఈ బిగువే. గుండ్రం పైకి ఉన్నప్పుడు చేయి మాత్రమే లేస్తుంది, కోటు మొండెం ఉన్నచోట ఉంటుంది. ఇలా కుట్టిన కోటు చేతులు దించినప్పుడు చంక దగ్గర కాస్త ముడతలు పడుతుంది. ఆ ముడతను చూసి వదులు చేయించుకోకూడదు.

కొలత చూసుకోవడం దర్జీ దుకాణంలో ఊరికే నిలబడితే కాదు. వేళ్ల మధ్య సంగీతం నడిపే కర్ర (బ్యాటన్) పట్టుకుని, ఆ వారం సాధన చేస్తున్న సంగీతంలో అన్నిటికన్నా ఉధృతమైన భాగాన్ని పూర్తిగా నడిపించాలి. వెనక నుంచి మరొకరు ఫోన్‌లో వీడియో తీయాలి. కాలరు మెడకు అంటి ఉందా, వెయిస్ట్‌కోటు అంచు కోటు ముందు భాగం కింద తొంగి చూస్తోందా, చొక్కా పైకి వచ్చిందా అన్నవి ఆ వీడియోలో తెలిసిపోతాయి. ప్యాంటు నడుము ఎత్తుగా ఉండాలి. దాన్ని బెల్టు కాక భుజాల మీది పట్టీలు పట్టి ఉంచాలి. బెల్టు ప్యాంటు చేతులెత్తిన ప్రతిసారీ కొంచెం కొంచెం జారుతుంది, కచేరీ రెండో సగానికి తేడా బయటపడుతుంది.

చొక్కా కఫ్ కోటు చేతి కింద ఒక సెంటీమీటరుకు పైగా కనిపించడం ఫ్యాషన్ కోసమే కాదు. వెనక వరుసల్లోని ట్రాంబోన్లవారికి నల్ల నేపథ్యం మీద మణికట్టు ఎక్కడుందో ఆ తెల్ల గీత చెబుతుంది. కర్రకు తెల్ల రంగు వేయడం కూడా ఇందుకే. మణికట్టు గడియారం తీసేయాలి. అది దీపాలకు తళుక్కుమంటుంది, కఫ్‌ను పట్టుకుంటుంది. చెమట సంగతి దాచుకోవలసింది కాదు. కండక్టరు పని శారీరక శ్రమ. పల్చటి ఊలు కోటు, విరామంలో మార్చుకోవడానికి ఇస్త్రీ చేసిన ఇంకో చొక్కా, తువ్వాలు తప్పనిసరి. రెండు గంటలు నిలబడే కాళ్లకు కొత్త బూట్లు శత్రువులు.

కండక్టర్లు ఈ దుస్తుల్ని రకరకాలుగా మార్చుకున్నారు. 19వ శతాబ్దంలో లండన్ జనాన్ని ఆకట్టుకున్న లూయీ జూలియెన్, బేతోవెన్ సంగీతం నడిపే ముందు వెండి పళ్లెంలో తెల్ల చేతితొడుగులు తెప్పించుకుని శ్రోతల ఎదుటే తొడుక్కునేవారు. జపాన్‌కు చెందిన సైజీ ఒజావా బోస్టన్‌లో టెయిల్‌కోటు లోపల చొక్కా, టైలకు బదులు మెడను చుట్టుకునే తెల్ల టర్టిల్‌నెక్ వేసుకున్నారు. సైమన్ రాటిల్ లాంటివారు మన బంద్‌గలాను పోలిన, మెడ దాకా మూసుకునే కోట్ల వైపు వెళ్లారు. ఈ చివరి రెండు మార్పుల్లోనూ ఒక ఇంగితం ఉంది. గంటల తరబడి తల ఎత్తి, దించి, తిప్పే మనిషి గొంతు దగ్గర గట్టి కాలరూ ముడీ లేకుండా పోయాయి.

అమెరికన్ కండక్టరు లెనార్డ్ బెర్న్‌స్టయిన్ జీవితంలోని మూడు సంగతులు ఈ విషయానికి బాగా పనికొస్తాయి. 1943 నవంబరు 14న బ్రూనో వాల్టర్‌కు జబ్బు చేయడంతో, 25 ఏళ్ల బెర్న్‌స్టయిన్ ఆ మధ్యాహ్నమే న్యూయార్క్ కార్నెగీ హాల్లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌ను నడపాల్సి వచ్చింది. సందర్భానికి తగిన లాంఛనపు దుస్తులు ఆయన దగ్గర లేవు, ఉన్న బూడిదరంగు సూటుతోనే ఎక్కారు. రేడియోలో దేశమంతా విన్న ఆ కచేరీ ఆయన్ని రాత్రికి రాత్రి ప్రసిద్ధుణ్ణి చేసింది. చేతిలో పని ఉన్నప్పుడు సరైన కోటు లేకపోవడం అవకాశాన్ని వదులుకోవడానికి కారణం కాదు. రెండోది, 1958లో అదే ఆర్కెస్ట్రా పూర్తి బాధ్యత తీసుకున్నాక గురువారాల కచేరీలకు టెయిల్‌కోట్లు తీసేసి, వాద్యకారులందరి చేతా మెడ మూసుకునే జాకెట్లు వేయించారు. ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు. పైనుంచి వచ్చిన మార్పు వేసుకునేవారి మనసుకూ ఒంటికీ పట్టకపోతే ఇలాగే అవుతుంది. మూడోది ఎవరికీ పెద్దగా కనబడనిది. తన గురువు సెర్జ్ కుసెవిట్‌స్కీ ఇచ్చిన కఫ్‌లింకుల్ని ఆయన కచేరీలకు పెట్టుకునేవారు, వేదిక మీదికి వెళ్లే ముందు వాటిని ముద్దాడేవారు. దుస్తుల్లో ఒక చిన్న వస్తువు మనసును కుదుటపరిచేదిగా ఉండటం మేలు. అది చప్పుడు చేయనిదీ వాద్యానికి తగలనిదీ అయితే చాలు.

వాద్యాన్ని బట్టి

వయొలిన్, వయోలాలకు ఎడమ భుజం, మెడ కింది ఎముక ఆసరా. కోటు భుజంలో దూది మెత్త మందంగా ఉంటే సాధనలో అలవాటైన ఎత్తు మారిపోతుంది, మెడ వంకర తిరుగుతుంది. కచేరీ కోటుకు ఎడమ భుజం మెత్త పల్చగా చేయించుకోవాలి. లేకపోతే కనీసం రెండు వారాలు ఆ కోటుతోనే సాధన చేయాలి. పట్టు బట్ట మరో ఇబ్బంది, చెక్క దాని మీద జారుతుంది. జర్మన్ విద్వాంసురాలు ఆన్-సోఫీ ముట్టర్ భుజాలు కప్పని గౌన్లు వేసుకోవడం చాలామందికి ఫ్యాషన్‌గా కనిపిస్తుంది. దాని వెనక కారణం వాద్యం నిలకడ. ఒంటి మీద నేరుగా ఆనినప్పుడు వయొలిన్ జారదు. గొలుసులు, చొక్కాకు గుచ్చుకునే పిన్నులు వాద్యం వెనక చెక్కను గీరుతాయి. చెవులకు వేలాడే జుంకాలు గడ్డం ఆనించే చోట తగిలి చప్పుడు చేస్తాయి.

చెల్లో మోకాళ్ల మధ్య, ఛాతీకి ఆని ఉంటుంది. ప్యాంటు గానీ బాగా ఘేరున్న స్కర్టు గానీ తప్ప మరొకటి కుదరదు. ఇరుకు స్కర్టు నిలబడినప్పుడు ఎంత బాగున్నా కూర్చున్న మరుక్షణం పనికిరాదు. పోర్చుగల్ చెల్లో విద్వాంసురాలు గిల్యెర్మీనా సుజియాను అగస్టస్ జాన్ 1920ల ఆరంభంలో పూర్తిచేసిన చిత్రంలో ఆమె ఎర్ర గౌను వాద్యం చుట్టూ నేల దాకా పరుచుకుని ఉంటుంది. ఘేరు ఎంత కావాలో తెలుసుకోవడానికి ఆ చిత్రం ఒక కొలతలా పనికొస్తుంది. కోటు బొత్తాలు, బెల్టు బకిలు చెల్లో వెనక వార్నిష్‌ను తినేస్తాయి. బొత్తాలు విప్పి కూర్చోవడం, బకిలు లేని ప్యాంటు వేసుకోవడం ఈ వాద్యానికి మర్యాద.

హార్ప్ వాయించేవారి కాళ్లు ఏడు పెడళ్ల మీద తిరుగుతుంటాయి. నేలను ఊడ్చే అంచు పెడల్‌లో చిక్కితే స్వరమే తప్పుతుంది. అంచు మడమకు పైన ఆగాలి, బూటు అడుగు పల్చగా, మడమ పొట్టిగా ఉండాలి. ఆర్గన్ వాద్యకారులు ఒక అడుగు ముందుకు వెళ్లి పల్చని తోలు అడుగున్న ప్రత్యేక బూట్లు పెట్టుకుంటారు. వాటితో వీధిలో నడవరు, ఇసుక రేణువు అంటినా పెడళ్లు గీసుకుపోతాయి. పియానోకు చేతుల కింది భాగం, కుడి మడమ ముఖ్యం. మోచేతి నుంచి మణికట్టు దాకా బిగువు ఉండకూడదు. మడమ ఎత్తు మారితే పెడల్ తొక్కే కోణం మారుతుంది, అందుకే కచేరీ బూట్లతోనే సాధన చేయాలి. టెయిల్‌కోటు తోకల మీద కూర్చోకుండా బల్ల వెనక్కి వేసుకోవడం అలవాటయ్యేదాకా ఇంట్లో చేసి చూడాలి.

ఊదే వాద్యాలకు నడుము, మెడ ముఖ్యం. నిండుగా ఊపిరి తీసుకుంటే పొట్ట, పక్కటెముకలు అన్ని వైపులకూ విచ్చుకుంటాయి. నిలబడి సరిపోయిన ప్యాంటు కూర్చుని ఊపిరి పట్టినప్పుడు కోసుకుంటుంది. ట్రంపెట్, హార్న్ వాయించేటప్పుడు మెడ ఉబ్బుతుంది, కాలరు అర అంగుళం వదులుగా కొనుక్కోవాలి. సెంటు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. పక్కవారి ఘాటైన అత్తరు ఊపిరితోనే సంగీతం చేసే మనిషికి ఎంత యాతనో అనుభవించినవారికే తెలుసు. చాలా బృందాల్లో కచేరీ రోజున అత్తరు వద్దన్నది మర్యాదగా పాటిస్తారు.

తాళవాద్యాలవారు కచేరీ మధ్యలో ఒక వాద్యం నుంచి మరో దానికి నడవాలి. రబ్బరు అడుగు వార్నిష్ చేసిన చెక్క మీద కీచుమంటుంది, గట్టి మడమ టకటకలాడుతుంది. స్కాట్లాండ్‌కు చెందిన ఎవెలిన్ గ్లెన్నీ వినికిడి చాలా మేరకు కోల్పోయినవారు. నేల ప్రకంపనలు పాదాలకు తెలిసేందుకు ఆమె చెప్పులు లేకుండా వాయిస్తారు. ఇక్కడ దుస్తులు తగ్గించుకోవడమే పనిముట్టు అయింది.

బూటు చప్పుడు ఎంత చెప్పగలదో ఆర్కెస్ట్రాల్లో చేర్చుకునే ఎంపిక పరీక్షల చరిత్ర చూపిస్తుంది. బోస్టన్ సింఫనీ 1952లో అభ్యర్థుల్ని తెర వెనక నిలబెట్టి వినడం మొదలుపెట్టింది. వాయించేది ఆడా మగా అన్నది నిర్ణయాన్ని ప్రభావితం చేయకూడదని ఉద్దేశం. తర్వాత ఈ పద్ధతి పాటించినచోట్ల తేలిన విషయం, తెర ఉన్నా నడకలో మడమల శబ్దం మనిషిని పట్టిస్తుందని. దానికి విరుగుడుగా తివాచీ పరచడం, బూట్లు విప్పి రమ్మనడం వచ్చాయి. పరీక్షకు వెళ్లేవారు చప్పుడు చేయని పాదరక్షలు వేసుకోవాలన్న సలహా ఇప్పటికీ చెల్లుతుంది.

స్త్రీల దుస్తుల నియమాలు

వియన్నా ఫిల్హార్మోనిక్ 1997లో గానీ స్త్రీని పూర్తి సభ్యురాలిగా తీసుకోలేదు. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో లాంఛనమైన సాయంకాలపు కచేరీలకు స్త్రీలు ప్యాంటు వేసుకోకూడదన్న నియమం 2018 దాకా నడిచింది. చెల్లో పట్టుకుని కూర్చునే మనిషికి ప్యాంటు ఎంత సహజమో ఆలోచిస్తే, ఆ నియమం పనిని గమనించి పెట్టినది కాదని తెలుస్తుంది. పురుషులకు చిన్న వివరం దాకా రాసిన నియమావళి స్త్రీల దగ్గరికి వచ్చేసరికి పొడవు, చేతులు అన్న రెండు మాటలతో ఆగడంలో సౌకర్యమూ ఉంది, చిక్కూ ఉంది. ఎంచుకునే స్వేచ్ఛ దొరికింది, తప్పు చేశామేమోనన్న బెంగ కూడా దాంతో పాటే వచ్చింది.

కండక్టర్లయిన స్త్రీలకు ఆ రెండు మాటల నియమం కూడా లేదు, ఎవరికి వారే కనిపెట్టుకోవలసి వచ్చింది. 2013లో లండన్ ప్రామ్స్ సంగీతోత్సవపు చివరి రాత్రి కచేరీని నడిపిన మొదటి మహిళ మారిన్ ఆల్సప్ నల్ల సూటుకు కఫ్‌ల దగ్గర ఎరుపు చేర్చి తన గుర్తుగా మార్చుకున్నారు. తెల్ల కఫ్ చేసే పనే ఆ ఎరుపూ చేస్తుంది, చూపును చేతుల దగ్గర నిలుపుతుంది. వియన్నా బృందం 2017 నూతన సంవత్సర కచేరీలో వివియెన్ వెస్ట్‌వుడ్, ఆండ్రియాస్ క్రోన్‌థాలర్ రూపొందించిన కొత్త సూట్లతో కనిపించింది. అందులో స్త్రీలకూ విడిగా ఆలోచించి కుట్టిన దుస్తులున్నాయి.

సోలో వాయించేవారికి నియమం సడలుతుంది. నల్ల గుంపు ముందు రంగు దుస్తుల్లో నిలబడితే ముఖ్య వాద్యం ఎవరిదో శ్రోతకు వెంటనే తెలుస్తుంది. 2011లో లాస్ ఏంజలెస్ హాలీవుడ్ బౌల్‌లో పియానిస్టు యూజా వాంగ్ వేసుకున్న పొట్టి నారింజ గౌను గురించి పత్రికలు సంగీతానికి మించి రాశాయి. కష్టమైన సంగీతాన్ని అంత అలవోకగా వాయించిన మనిషి దుస్తులు ఆమెకు అడ్డు కాలేదన్నది స్పష్టమే. తూకం వేయవలసింది అదొక్కటే. వయొలిన్ విద్వాంసుడు నైజెల్ కెన్నెడీ ఫుట్‌బాల్ జెర్సీ అయినా, వయొలిన్ విద్వాంసురాలు పట్రీషియా కోపాచిన్‌స్కయా ఉత్త పాదాలైనా అదే కొలతకు నిలుస్తాయి. కానీ విద్యార్థి దశలో ఉన్నవారు వీరిని చూసి మొదలుపెట్టకూడదు. ఆర్కెస్ట్రాతో వాయించే ముందు వేసుకోబోయే రంగును నిర్వాహకులకు ముందే చెప్పడం పద్ధతి.

నేల మీద కూర్చునే కచేరీ

కర్ణాటక సంగీత వేదికకు వేరే కొలతలు కావాలి, ఎందుకంటే శరీరం వేరే విధంగా కూర్చుంటుంది. వయొలిన్ తల కుడి పాదం మీద, అడుగు ఛాతీకి ఆని ఉంటుంది. మృదంగం పాదం ఆసరాతో ఒళ్లో నిలుస్తుంది. వీణ ఎడమ బుర్ర తొడ మీద ఉంటుంది. రెండు మూడు గంటలు బాసింపట్టు వేసి కూర్చునే మనిషికి పంచె, చీర సహజంగా అమరుతాయి. బిగువు ప్యాంటుతో మోకాళ్ల వెనక రక్తప్రసరణ ఆగి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. బాగా మెరుగు పెట్టిన పట్టుపంచె మీద వయొలిన్ జారుతుంటే పాదం మీద చిన్న నూలు గుడ్డ వేసుకోవాలి. వీణకు గాజులు అడ్డు, అవి దండికి తగిలిన చప్పుడును మైకు పెద్దది చేస్తుంది. భుజం మీది కండువా, పైట వాయించే చేతి వైపు జారకుండా ముందే పిన్ను పెట్టుకోవాలి. కొత్త చీర గంజి మైకు దగ్గర గరగరలాడుతుంది, ఒకసారి ఉతికాక కట్టుకుంటే సరిపోతుంది.

ఇక్కడ రంగుకు స్వేచ్ఛ ఉంది, నలుపు ఊసే లేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కట్టిన కాంచీపురం నీలం పట్టు, ముత్తు చెట్టియార్ నేసినది, 'ఎం.ఎస్. బ్లూ' అన్న పేరుతో చీరల దుకాణాల్లోకి వెళ్లింది. వేదిక మీది మనిషి ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో కనిపిస్తే దుస్తులు ఆ మనిషి పేరు మోస్తాయి.

ముందు రోజు, ఆ రోజు, తర్వాత

ఆహ్వానంలో ఉన్న మాటకు అర్థం తెలుసుకోవడం మొదటి పని. 'వైట్ టై' అంటే పైన చెప్పిన పూర్తి దుస్తులు. 'బ్లాక్ టై' అంటే తోకలు లేని డిన్నర్ జాకెట్, నల్ల బో టై. 'కన్సర్ట్ బ్లాక్' లేదా 'ఆల్ బ్లాక్' అంటే చొక్కా, మేజోళ్లతో సహా నలుపు, అక్షరాలూ బొమ్మలూ లేనిది, జీన్స్ కానిది. సందేహం ఉంటే అడగాలి. అడగడం చిన్నతనం కాదు. సాయంత్రం 6 దాటని కచేరీకి టెయిల్‌కోటు వేసుకోకపోవడం పాత మర్యాద.

బడి పిల్లలకు ఖరీదైన దుస్తులు అక్కర్లేదు. నల్ల ప్యాంటు, పొడవు చేతుల నల్ల చొక్కా, పిక్కల దాకా వచ్చే నల్ల మేజోళ్లు, నల్ల బూట్లు చాలు. మేజోళ్ల పొడవు ఎందుకంటే, కూర్చోగానే ప్యాంటు పైకి లేచి ముందు వరుస శ్రోతల కంటి ఎత్తులో పిక్కలు కనిపిస్తాయి. స్కర్టు పొడవును నిలబడి కాదు, కుర్చీ అంచున కూర్చుని చూడాలి. ఎదిగే పిల్లలకు మడత విప్పి పొడవు చేసుకునేలా అంచు వదిలి కుట్టించడం దర్జీకి చెప్పాలి.

కచేరీకి వారం ముందు ఒక సాయంత్రం పూర్తి దుస్తులతో, బూట్లతో సహా, కార్యక్రమం మొత్తం వాయించి చూడాలి. ఎక్కడ పట్టేసిందో, ఏది జారిందో, ఏది చప్పుడు చేసిందో కాగితం మీద రాసుకోవాలి. ముందు రాత్రే దుస్తుల్ని సంచిలో సర్దాలి. అదనపు చొక్కా, ఇంకో జత మేజోళ్లు, సూదీ నల్ల దారం, రెండు పిన్నీసులు, చిన్న కత్తెర, బ్రష్ అందులో ఉండాలి. బో టై ముడి వేయడం కచేరీ రోజు నేర్చుకునే పని కాదు. ఆర్కెస్ట్రాలో ముడి వేయగలిగినవారు పక్కవారికి వేసిపెట్టడం మామూలే. హాలుకు మామూలు దుస్తుల్లో వెళ్లి అక్కడ మార్చుకుంటే కారు సీటు ముడతలు తప్పుతాయి.

కచేరీ అయ్యాక కోటును సంచిలో కుక్కకూడదు. జేబులు ఖాళీ చేసి, వెడల్పు భుజాల హ్యాంగర్‌కు తగిలించి, రాత్రంతా గాలి ఆడే చోట ఉంచాలి. రోజిన్ పొడిని తడి గుడ్డతో తుడిస్తే బంకలా అతుక్కుంటుంది. పొడి బ్రష్‌తో నేత వెంట పైనుంచి కిందికి దులపాలి. ఊలు కోటును ప్రతిసారీ డ్రై క్లీనింగ్‌కు ఇస్తే బట్ట త్వరగా పాడవుతుంది. చెమట ఆరనిచ్చి, దులిపి, నాలుగైదు కచేరీలకు ఒకసారి ఇస్తే చాలు. తెల్ల టై, వెయిస్ట్‌కోటు మాత్రం అదే రాత్రి చల్లటి నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే తెల్లారేసరికి మెడ దగ్గరి చెమట గీత పసుపుగా దిగిపోతుంది.